వేలితో పెట్టే జామీను సంతకం

జామీను సంతకం పెట్టి మునిగిపోయినవాళ్లు మీ బంధువుల్లో ఒక్కరైనా ఉండే ఉంటారు. "మనవాడేగా, ఒక్క సంతకమేగా" అనుకుని పెట్టేస్తారు. అప్పు తీసుకున్నవాడు ఊరు దాటాక బ్యాంకు నోటీసు మాత్రం వీళ్ల గుమ్మంలో వాలుతుంది. "చేతిలో ఉంటే చేబదులు ఇవ్వు గానీ, సంతకం మాత్రం పెట్టకురా" అని మా నాన్న పదేపదే చెప్పేవారు.

ఇంత జాగ్రత్తగా పెరిగినవాళ్లం, పొద్దున్నే కాఫీ చల్లారేలోపు ఎన్ని సంతకాలు పెడుతున్నామో ఎప్పుడైనా లెక్కేశారా?

మీరు ఫ్యామిలీ గ్రూపులో పంపిన మెసేజ్‌ని మీ మేనత్త ఎందుకు నమ్ముతుంది? అది రాసిందెవరో ఆవిడకి తెలీదు. పంపింది మీరని మాత్రం తెలుసు. "మావాడు బాగా చదువుకున్నాడు, ఊరికే పంపడు" అనుకుంటుంది. అంటే రాసిన అనామకుడికి మీరు జామీను ఉన్నారన్నమాట. ఈ అధ్యాయం మిమ్మల్ని ఫోన్ పక్కన పడేయమని చెప్పదు. సంతకం పెట్టేముందు కాగితం చదవడం ఎలాగో చెబుతుంది.

నేను పెట్టిన ఒక జామీను

కొన్నేళ్ల క్రితం, ఒక ఆదివారం. రైతు బజారు నుంచి వస్తున్నాను, కూరగాయల సంచి ఇంకా చేతిలోనే ఉంది. అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజ్: "అర్జెంట్. నాలుగేళ్ల పాపకి ఆపరేషన్. ఓ నెగెటివ్ రక్తం కావాలి. మీ గ్రూపులన్నిటికీ పంపండి." కింద ఒక ఫోన్ నంబరు. లిఫ్టు పైకి వచ్చేలోపు ఐదు గ్రూపులకు పంపేశాను. పుణ్యం చేశానన్న తృప్తితో టిఫిన్ చేశాను.

సాయంత్రం మా ఆఫీసులో పనిచేసే కుర్రాడు ఫోన్ చేశాడు. "సార్, నాది ఓ నెగెటివే. ఆ నంబరు ఎవరూ ఎత్తడం లేదు. ఏ ఆస్పత్రి సార్?"

నాకేం తెలుసు? నేనే ఆ నంబరుకి కలిపాను. నాలుగోసారి ఎత్తారు. నేను నోరు తెరవకముందే అవతలి గొంతు అంది: "బ్లడ్ గురించేనా సార్? మా పాప ఇప్పుడు రెండో క్లాసు చదువుతోంది. ఆపరేషన్ అయిపోయి మూడేళ్లు దాటింది. మీది ఇవాళ పద్నాలుగో కాల్."

క్షమించమన్నాను. "మీరేం చేస్తార్లెండి," అన్నాడాయన. "నంబరు మార్చేద్దామంటే బ్యాంకుకీ ఆధార్‌కీ అన్నిటికీ ఇదే ఇచ్చాను. పంపేవాళ్లందరూ మంచివాళ్లే సార్."

ఆ చివరి మాట తిట్టు కంటే గట్టిగా తగిలింది.

చెయ్యి ఎందుకు ఆగదు?

ఇందులో వాట్సాప్ ఒక్కదాని తప్పేం లేదు. 1995 సెప్టెంబర్ 21న వినాయకుడి విగ్రహాలు పాలు తాగుతున్నాయన్న కబురు ఒక్కరోజులో దేశమంతా పాకింది. అప్పట్లో ఉన్నవి ల్యాండ్‌లైన్లూ ఎస్‌టీడీ బూత్‌లే. అంతకుముందు "ఈ ఉత్తరం పదకొండుమందికి రాయకపోతే కీడు జరుగుతుంది" అన్న పోస్టుకార్డులు తిరిగేవి. దారి మారింది, వేగం పెరిగింది. మనిషి మాత్రం వాడే. మన చేత బటన్ నొక్కించేవి ముఖ్యంగా నాలుగు.

భయం. "పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా మన ఏరియాలో దిగింది." ఇది చదివాక ఏ తల్లి ఆగుతుంది?

గర్వం. "మన జాతీయ గీతం ప్రపంచంలోకెల్లా ఉత్తమమని యునెస్కో ప్రకటించింది." యునెస్కో అలాంటి పోటీ ఏదీ పెట్టలేదు. అయినా ఆ కబురు 2008 నుంచి ఏటా ఆగస్టులో జెండాతో పాటు ఎగురుతూనే ఉంది.

జాలి. నా చేత సంతకం పెట్టించింది ఇదే.

వింత. 2016 నవంబర్‌లో రెండు వేల నోటు వచ్చినప్పుడు, భూమిలో పాతిపెట్టినా కనిపెట్టే చిప్ అందులో ఉందన్నారు. రిజర్వు బ్యాంకు లేదని చెప్పినా వినేవాళ్లు లేరు. ఇక భూకంపం వచ్చినా, కరోనా వచ్చినా "బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు" అన్న మెసేజ్ సిద్ధంగా ఉంటుంది. కాలజ్ఞానం తెరిచి ఆ మాట అందులో ఉందో లేదో చూసినవాళ్లు మీకెవరైనా తెలుసా?

ట్విట్టర్‌లో 2006 నుంచి 2017 దాకా తిరిగిన వార్తల్ని ఎంఐటీ పరిశోధకులు లెక్కగట్టి, 2018లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. నిజం పదిహేను వందల మందిని చేరడానికి అబద్ధం కంటే ఆరు రెట్లు ఎక్కువ సమయం తీసుకుందట. అబద్ధాన్ని అంత పరుగు పెట్టించింది ఆటోమేటిక్ ఖాతాలు (బాట్‌లు) కావు, మనలాంటి మనుషులేనని కూడా వాళ్లు తేల్చారు. సిద్ధాంతం ఇంతవరకు చాలు. పనిలోకి దిగుదాం.

పంపేముందు ఏడు పనులు

1. ముందు మీ నాడి చూసుకోండి. చదవగానే గుండె గుభేలుమందా? ఒళ్లు మండిందా? ఛాతీ ఉప్పొంగిందా? అయితే అదే ఆగాల్సిన చోటు. ఫోన్ బల్ల మీద పెట్టి మంచినీళ్లు తాగి రండి. నిజమైన వార్త ఐదు నిమిషాల్లో పాడైపోదు. "వెంటనే పంపండి, డిలీట్ చేసేలోపు చూడండి" అని తొందరపెట్టే మెసేజ్‌ని, చదవకుండానే సంతకం పెట్టమనే మనిషిని చూసినట్టే చూడండి.

2. బాణం గుర్తు చూడండి. మెసేజ్ పైన ఒక బాణం ఉంటే, పంపినవాళ్లు అది సొంతంగా రాయలేదని అర్థం. రెండు బాణాలుంటే అది కనీసం ఐదు చేతులు మారి వచ్చింది. 2018 జులైలో మన దేశంలో ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా వాట్సాప్ కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్ నుంచి రెండు బాణాలున్నదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తోంది.

ఐదేగా అనుకోకండి. మీరు ఐదు గ్రూపులకు పంపారు, ఒక్కోదాంట్లో వందమంది ఉన్నారు. వాళ్లలో నూటికి ఇద్దరే మళ్లీ ఐదేసి గ్రూపులకు పంపారనుకోండి. రెండో మెట్టుకే 5,000 మంది. మూడో మెట్టుకు 50,000. ఒక చిన్న పట్టణం. మీరింకా టిఫిన్ ప్లేటు కూడా కడగలేదు.

3. తేదీ, ఊరు, పేరు అడగండి. "రేపటి నుంచి పెట్రోల్ బంకులు బంద్." ఎవరి రేపు? "ఒక ప్రముఖ డాక్టర్ చెప్పారు." ఏ ఊరి డాక్టరు? తేదీ లేని ప్రామిసరీ నోటు మీద మీరు అప్పిస్తారా? తేదీ, ఊరు, చెప్పినవాళ్ల పేరు మూడూ లేకపోతే అక్కడితో ఆపేయండి. ఫోన్ నంబరు ఉంటే ముందు ఆ నంబరుకి కలపండి. ఆరోజు నేను చేయనిది ఇదే.

4. బొమ్మని నమ్మేముందు దాని పుట్టిల్లు వెతకండి. 2018లో దేశాన్ని వణికించిన వీడియో ఒకటుంది. సందులో పిల్లలు ఆడుకుంటుంటారు. ఇద్దరు బైక్ మీద వస్తారు. ఒక పిల్లాణ్ని ఎత్తుకుని వెళ్లిపోతారు. అసలు వీడియోలో ఆ తర్వాత ఇంకో ముక్క ఉంది: బైక్ వెనక్కి తిరిగి వస్తుంది, పిల్లాణ్ని దించుతారు, పిల్లల్ని ఓ కంట కనిపెట్టి ఉండమని రాసిన అట్టముక్క చూపిస్తారు. అది పాకిస్తాన్‌లోని కరాచీలో, తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే ఒక సంస్థ తీసిన అవగాహన చిత్రం. ఎవరో ఆ చివరి ముక్క కోసేశారు. కొన్ని సెకన్ల కత్తిరింపు, అంతే. ఆ ఏడాది జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లాలో పిల్లల దొంగలన్న అనుమానంతో ఐదుగురిని కొట్టి చంపారు.

ఫొటో అయితే గూగుల్ లెన్స్‌లో పెట్టి చూడండి. వీడియో అయితే ఒకచోట ఆపి, స్క్రీన్‌షాట్ తీసి వెతకండి. వరద వచ్చిన ప్రతిసారీ ఎక్కడెక్కడి పాత వరదలో మన ఊరి పేరుతో తిరుగుతాయి. వీడియోలో దుకాణాల బోర్డులు ఏ భాషలో ఉన్నాయి? బండి నంబరు ప్లేటు ఏ రాష్ట్రానిది? ఈ రెండూ చూస్తే చాలాసార్లు బండారం బయటపడుతుంది.

5. అడగడానికి చోట్లున్నాయి, వాడుకోండి. ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ లాంటి సంస్థలు తెలుగులోనే నిజనిర్ధారణ రాస్తున్నాయి. కేంద్ర ప్రభుత్వ పథకాల గురించైతే పీఐబీ ఫ్యాక్ట్ చెక్ ఉంది. మెసేజ్‌లో ముఖ్యమైన నాలుగు మాటలు టైప్ చేసి, పక్కన "ఫ్యాక్ట్ చెక్" అని చేర్చి వెతకండి. రెండు నిమిషాల పని. మెసేజ్‌ని నమ్మి డబ్బు కట్టేశారా, లేక మీ వాళ్లెవరైనా కట్టారా? సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. ఎంత త్వరగా చేస్తే డబ్బు దొరికే అవకాశం అంత ఎక్కువ.

6. అందులో ఎవరి ముఖం ఉంది? నిజమైనదంతా పంపదగ్గది కాదు. 2019 నవంబర్‌లో హైదరాబాద్ శివార్లలో ఒక యువ వైద్యురాలి మీద జరిగిన ఘోరం మనకు గుర్తుంది. కన్నీళ్లు పెట్టుకుంటూనే జనం ఆమె ఫొటో, పేరు పంచుకున్నారు. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం నేరమని చాలామందికి తోచనే లేదు. చివరికి పోలీసులే "దిశ" అన్న పేరు వాడమని చెప్పాల్సి వచ్చింది. 2023 నవంబర్‌లో నటి రష్మిక ముఖాన్ని వేరొకరి వీడియోకి అతికించి వదిలారు. "చూశారా, ఎంత అన్యాయమో" అంటూ పంపినవాళ్లు కూడా ఆ వీడియోని ఇంకో పదిమందికి చూపించినట్టే కదా? ప్రమాదాల దృశ్యాలు, పక్కింటి గొడవలు, బడిలో దెబ్బలు తిన్న పిల్లాడి వీడియో వస్తే ఒక్క ప్రశ్న వేసుకోండి: అక్కడున్నది మా అమ్మాయైతే, ఇది తిరగనిస్తానా?

7. మీ మాట ఒకటి జత చేయండి. ఆరూ దాటిందా? అయితే పంపండి, కానీ వట్టి ఫార్వర్డ్‌గా వద్దు. "నేను ఫోన్ చేసి కనుక్కున్నాను, రేపు సాయంత్రం దాకా రక్తం కావాలి" అని ఒక వాక్యం రాయండి. ఆ వాక్యం రాయడానికి చెయ్యి రావడం లేదంటే ఏమిటి అర్థం? మీకే నమ్మకం లేదని.

మనం తరచూ చేసే తప్పులు

"ఫార్వర్డెడ్ యాజ్ రిసీవ్డ్" అని చేతులు దులుపుకోవడం. "నిజమో కాదో తెలీదు, ఎందుకైనా మంచిదని పంపుతున్నా." హోటల్లో సర్వరు "ఈ పప్పు నిన్నటిదో ఇవాళ్టిదో తెలీదు సార్, ఎందుకైనా మంచిదని వడ్డిస్తున్నా" అంటే తింటారా?

ఖండించడానికి మళ్లీ అదే పంపడం. "చూడండి, ఎంత పచ్చి అబద్ధమో" అని అసలు వీడియోనే పెడతాం. కింద మనం రాసింది చదివేవాళ్లు కొందరే. వీడియో చూసేవాళ్లు అందరూ. నిజం ఏమిటో అది మాత్రమే రాయండి.

హెడ్డింగు చదివి పంపడం. లోపల "అలాంటిదేమీ లేదని అధికారులు తెలిపారు" అని ఉంటుంది. యూట్యూబ్ థంబ్‌నెయిల్ మీద హీరో ఫొటోకి దండ వేసి ఉంటుంది, లోపల ఆయన కొత్త సినిమా ముచ్చట్లు ఉంటాయి.

తప్పు తెలిశాక మౌనంగా ఉండిపోవడం. దీని గురించి చివర్లో చెబుతాను.

ఇంట్లో పెద్దవాళ్లతో ఎలా?

ఈ ప్రశ్న నాకు ప్రతి సభలోనూ ఎదురవుతుంది: "మా బాబాయి రోజుకి ఇరవై పంపుతారండీ, ఏం చేయను?" గ్రూపులోనే "ఇది ఫేక్ బాబాయ్" అని లింకు పెట్టేవాళ్లు కొందరు. ఆయన నలభైమంది ముందు తల వంచుకుంటారా? ఎప్పటికీ వంచుకోరు. పరువు కోసమైనా ఆ అబద్ధం వైపే నిలబడతారు. విడిగా ఫోన్ చేయండి.

"బాబాయ్, ఉల్లిపాయ షుగర్ తగ్గిస్తుందని పెట్టారు కదా, మీకెవరు పంపారు?"

"మా వాకింగ్ బ్యాచ్‌లో వచ్చిందిరా. ఏం, నిజం కాదా?"

"మన డాక్టరు గారిని అడిగాను. ఉల్లిపాయ తినండి గానీ మాత్రలు మానొద్దన్నారు. పిన్ని మానేస్తుందేమోనని భయమేసింది."

"అవునా? అది ఇప్పటికే రెండ్రోజుల్నుంచి వేసుకోవట్లేదే!"

చూశారా? ఇక్కడ గెలుపూ ఓటమీ లేవు. పిన్ని మాత్ర ఉంది. మర్నాడు గ్రూపులో ఆ మాట బాబాయే చెబుతారు, అదీ నిన్నటికంటే పెద్దరికంతో.

మనకు తెలిసిన మనిషి, ఎదురుగా నిలబడి చెబితే మాట ఎక్కుతుంది. 2018లో జోగులాంబ గద్వాల జిల్లాలో అదే జరిగింది. ఎండాకాలం ఆరుబయట పడుకునే జనం పిల్లల దొంగల పుకార్లకు భయపడి తలుపులు బిగించుకుంటున్నారని గ్రామాలకు వెళ్లే కానిస్టేబుళ్లు గమనించారు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ప్రకటనలతో సరిపెట్టలేదు. పోలీసుల్ని ఊరూరా పంపారు, డప్పు కొట్టించి, పాటలు పాడించి ఆ వీడియోలు ఎలా మోసం చేస్తున్నాయో చెప్పించారు. ఫోన్‌లో వచ్చిన భయాన్ని రచ్చబండ దగ్గర దించారు.

ట్రెండ్ వచ్చింది. దూకాలా?

పంచుకోవడం వల్ల మంచి కూడా అంతే వేగంగా పాకుతుంది. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, ఆస్ట్రేలియా క్రికెటర్ డేవిడ్ వార్నర్ తన భార్యతో కలిసి "బుట్టబొమ్మ"కి స్టెప్పులేశాడు. తెలుగు ఒక్క ముక్క రానివాళ్లు కూడా ఆ పాట పాడారు. 2023 ఫిబ్రవరిలో ఢిల్లీలోని దక్షిణ కొరియా రాయబార కార్యాలయం సిబ్బంది "నాటు నాటు"కి ఆడారు. మరుసటి నెల ఆ పాటకి ఆస్కార్ వచ్చింది. వీటిలో ఏముంది? చూడగానే పట్టుబడే ఒక చిన్న స్టెప్పు. హాల్లో సోఫా జరిపి ఎవరైనా వేయొచ్చు. మీరు పచ్చళ్లు అమ్మినా, పాఠాలు చెప్పినా ఇది గుర్తుపెట్టుకోండి: చూసినవాళ్లకి "నేనూ చేయగలను" అనిపించేదే పాకుతుంది.

అయితే దూకేముందు లోతు చూసుకోండి.

1. ఒంటికి ప్రమాదమా? రైలు పట్టాలు, డ్యాం గట్లు, నడుస్తున్న బండి. ఏ లైకూ ప్రాణానికి ఈడు కాదు.
2. ఏం ఇచ్చి ఏం తీసుకుంటున్నారు? 2025 మార్చిలో ఏఐ యాప్‌లతో అందరూ జిబ్లీ బొమ్మలైపోయారు, సెప్టెంబర్‌లో పాతకాలం సినిమా చీరల్లోకి మారిపోయారు. సరదాయే. కానీ అసలు యాప్‌కే ఇచ్చారా, అదే పేరుతో ఉన్న నకిలీ సైట్‌కి మీ ఫొటో ఇచ్చారా?
3. పిల్లల సంగతి? యూనిఫాం మీద బడి పేరు, వెనక ఇంటి నంబరు కనపడుతున్నాయా? పదేళ్ల తర్వాత ఆ రీల్ చూసి పిల్లాడు నవ్వుకుంటాడా, నొచ్చుకుంటాడా?
4. ఎవరిని చూసి నవ్వుతున్నారు? యాస మీద, రంగు మీద, ఒంటి తీరు మీద నడిచే ట్రెండ్ అయితే పక్కకు జరగండి.

నాలుగూ దాటితే ఇంకేం? సోఫా జరపండి.

ఈ వారం అభ్యాసం

ఇవాళే ఫోన్ తీసి, మీరు ఈమధ్య ఫార్వర్డ్ చేసిన పది మెసేజ్‌లు చూడండి. ఒక్కోదాని దగ్గర ఆగి మిమ్మల్ని మీరు అడగండి: "ఇది తప్పని తేలితే నేను వెయ్యి రూపాయలు కడతానా?" కడతానన్నవి ఎన్ని? నేను మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు పదికి మూడు వచ్చాయి. మీకు రెండొచ్చినా దిగులుపడకండి. వచ్చే ఆదివారం మళ్లీ వేయండి.

తప్పు పంపినట్టు తేలితే రెండు పనులు. వాట్సాప్‌లో అందరికీ కనపడకుండా తొలగించడానికి రెండు రోజులకు పైగా గడువుంటుంది, ముందు అది చేయండి. తర్వాత, పంపిన ప్రతి గ్రూపులోనూ తప్పని రాయండి. మొదటిది సులువు. రెండోదానికే గుండె కావాలి.

ఆరోజు నేను పాప వాళ్ల నాన్నతో మాట్లాడాక ఆ ఐదు గ్రూపుల్లోనూ రాశాను: "పొద్దున నేను పంపిన రక్తం మెసేజ్ మూడేళ్ల నాటిది. కనుక్కోకుండా పంపాను, తప్పు నాది. పాప క్షేమంగా ఉంది. దయచేసి ఆ నంబరుకి ఫోన్ చేయకండి, ఇంకెవరికీ పంపకండి." నాలుగు గ్రూపుల్లో ఎవరూ ఏమీ అనలేదు. మా ఫ్యామిలీ గ్రూపులో అరగంట తర్వాత మేనత్త నుంచి జవాబొచ్చింది.

"పోన్లే నాన్నా. నువ్వు పంపావని నేను మూడు చోట్ల పెట్టాను. ఇప్పుడే వాళ్లకీ చెబుతున్నా."